తొమ్మిదో తరగతికి ఏ కథ చదవాలి?

తొమ్మిదో తరగతి పిల్లలకి కథలు చదివి వినిపిస్తాను అంటే, అదేంటండీ వాళ్లకి చదవడం రాదా అని అడుగుతారు చాలామంది. వచ్చు. కాకపోతే ఇవాళ విజయవాడలో మాలాంటి సర్కారు హైస్కూళ్లలో చదివేది దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియమే, సైన్సు పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు, వాళ్లు చూసేది మాత్రం పరీక్షలో రాయాల్సిన ఇంగ్లీషు పేజీ. దాంతో తెలుగులో పది పేజీల కథ చేతికిస్తే కూడబలుక్కుంటూ చదువుతారు, మూడో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలో ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోతారు. అదే కథ నేను చదివితే ఒక్క ముక్క వదలరు. ఇంట్లో, వీధిలో, ఆటోలో, సినిమాలో విన్న తెలుగంతా వాళ్ల చెవుల్లో ఉంది. చదవగలిగినంత తేలిక కథ ఇస్తే చిన్నపిల్లల కథ అని చిన్నబుచ్చుకుంటారు, వయసుకి తగ్గ కథ ఇస్తే చదవలేక పక్కన పెడతారు. అందుకే చదివి వినిపించడం, అందుకే ఏం చదవాలి అన్నది నాకు ఇంత పెద్ద పని అయింది.

ఆ పనిలో నేను నమ్మేది ఒక్కటే, ఇంట్లో తలుపేసుకుని కథ మొత్తం పైకి చదివి చూసుకోవడం. మనసులో చదువుకున్నప్పుడు ప్రాణం లేచొచ్చిన కథ పైకి చదివితే రెండో పేరాకే నడక ఆగిపోతుంది. అచ్చులో సంభాషణలు చూడండి, కొటేషన్ గుర్తులు ఉంటాయి, లైను మారుతుంది, ఏ మాట ఎవరిదో కంటికి తెలిసిపోతుంది. చెవికి ఆ సాయం లేదు. 'అన్నాడు', 'అంది' లేకుండా ఆరేడు మాటలు వరసగా సాగితే వినేవాడికి ఇద్దరూ ఒకటైపోతారు. పేర్లు కూడా అంతే, ఒకే కథలో రామారావు, రంగారావు, రాఘవరావు ఉన్నారంటే ఆ కథని స్టాఫ్ రూములో చదువుకోవడమే మంచిది. ఇంకో సంగతి, కథలో పాత్ర పేరు మన క్లాసులో ఎవరికైనా ఉందేమో చూసుకోవాలి. హీరో పేరు అయితే ఫరవాలేదు. దొంగదో, తాగుబోతుదో, లేచిపోయిన అమ్మాయిదో అయితే ఆ పేరున్న పిల్లకో పిల్లాడికో ఏడాదంతా నరకమే. అలాంటప్పుడు నేను మొహమాటం లేకుండా పేరు మార్చి చదువుతాను, రచయిత ఆత్మ ఏమీ క్షోభించదు.

నిడివి లెక్క కూడా చెప్తాను, కొత్తగా చేరిన టీచర్లకి పనికొస్తుంది. మామూలు సైజు పుస్తకంలో ఒక పేజీ తొందరపడకుండా చదివితే రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది. నలభై అయిదు నిమిషాల పీరియడ్లో హాజరు, సర్దుకోవడం, మధ్యలో ఎవరో నోటీసు పట్టుకురావడం తీసేస్తే ముప్పై అయిదు మిగుల్తాయి, అంటే పదకొండు నుంచి పద్నాలుగు పేజీలు. అంతకు మించితే రెండు రోజులు చదవాలి. అప్పుడు ఎక్కడ ఆపాలో ముందే పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి, బెల్లు కొట్టిన చోట ఆగితే కథ చస్తుంది.

గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది, నూరేళ్లు దాటింది, అయినా దానికి ఇవాళ్టికీ తిరుగులేదు. అర్ధరాత్రి దాటాక ఒక మొగుడు ఇంటికొచ్చి తలుపు కొట్టడంతో మొదలవుతుంది. ఊరు వర్ణన లేదు, వంశ చరిత్ర లేదు, నేరుగా తలుపు. మొదటి మాట చదవగానే చివరి బెంచీ తలెత్తుతుంది. పొట్టి కథ, పాత్రలు ముగ్గురే, మాటలన్నీ నోట్లో తిరిగేవే. ఆయన రాత్రిళ్లు ఎక్కడికి వెళ్తున్నాడన్నది పద్నాలుగేళ్లవాళ్లకి ఎలా చెప్పాలి అని కొందరు టీచర్లు టెన్షన్ పడతారు. సానుల పాట కచేరీలకి వెళ్లేవాళ్లు, అది అప్పట్లో పెద్దమనుషుల అలవాటు అని ఒక్క మాట చెప్పి ముందుకెళ్లిపోతే చాలు. వాళ్ల ఫోన్లలో చూసే వాటితో పోలిస్తే ఇదేమీ లెక్కలోది కాదు. దాచాలని మనం తడబడితేనే వాళ్లకి కిసుక్కుమని నవ్వొస్తుంది.

'బుడుగు' చదవమని చాలామంది చెప్తారు. నాకు ప్రాణం, కానీ నేను ఈ వయసుకి చదవను. అందులో సగం బాపు బొమ్మల్లో ఉంది, ఆ బొమ్మలు నలభై మందికి ఒకేసారి చూపించలేం. పైగా గొంతు మారుతున్న మగపిల్లల ముందు చిన్నపిల్లాడి మాటలు చదివితే, తమని కూడా అలాగే చూస్తున్నారేమో అని ముడుచుకుంటారు. ఇరవై ఏళ్లొచ్చాక వాళ్లే వెతుక్కుని చదువుతారు.

దానికి ఉల్టా, నిజంగానే చిన్నపిల్లాడి కథ ఒకటుంది, ఈ వయసుకే చదవాలి అని నేను గట్టిగా చెప్తాను. చెఖోవ్ 1886లో రాసిన 'వాంకా'. మాస్కోలో చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టిన తొమ్మిదేళ్ల పిల్లాడు క్రిస్మస్ ముందు రాత్రి యజమాని ఇంట్లో లేని సమయం చూసుకుని, తనని తీసుకుపొమ్మని పల్లెలో ఉన్న తాతకి ఉత్తరం రాస్తాడు. అంతే కథ, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. రష్యన్ కథలు మన ఊరివాళ్లకి కొత్త కాదు, ఏలూరు రోడ్డులో విశాలాంధ్రలో ఆ సోవియట్ పుస్తకాలు కారుచౌకగా కొనుక్కున్న తరం ఇంకా ఉంది. పేర్లు మాత్రం ముందే నోటికి తిప్పుకోవాలి, తాతగారి పేరు కాన్‌స్తంతీన్ మకారిచ్, అక్కడ తడబడితే క్లాసు చేజారిపోతుంది.

తొమ్మిదేళ్ల వాంకాకి తెలియనివి పద్నాలుగేళ్ల పిల్లలకి తెలుసు. ఆ కథకి ఈ వయసే సరైనదనడానికి కారణం అదే. వాళ్లు వాంకా కంటే పెద్దవాళ్లు, తాత ఎలాంటివాడో, ఆ పల్లె వాంకా అనుకున్నంత బాగుంటుందో లేదో వాళ్లకి మెల్లగా అర్థమవుతూ ఉంటుంది, వాడికి చెప్పలేరు. మా క్లాసులో సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చే పిల్లలున్నారు. చివర్లో వాంకా కవరు మీద చిరునామా రాస్తాడు కదా, అది చదివి నేను పుస్తకం మూసేశాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడో బెంచీలో ఒక హాస్టల్ కుర్రాడు, "మేడమ్, ఊరు పేరు రాయలేదు" అన్నాడు. ఇంకొకడు, "పిన్‌కోడ్ కూడా లేదురా" అన్నాడు. అంతే, క్లాసు రెండుగా చీలిపోయింది. పోస్ట్‌మ్యాన్ ఎలాగోలా కనుక్కుని ఇస్తాడని కొందరు, ఇవ్వలేడని కొందరు, ఇచ్చినా తాత రాడని వెనక నుంచి ఒక అమ్మాయి. తాత రాడు అని కథలో ఎక్కడా లేదు. ఆ పిల్ల అది ఎక్కడి నుంచి తెచ్చుకుందో నేను అడగలేదు.

అడగకపోవడం కూడా ఎంపికలో భాగమే అని నా నమ్మకం. చదివాక ప్రశ్నలు వేయాల్సిన కథ అయితే అది పాఠం, పాఠాలకి వేరే పీరియడ్లున్నాయి. "ఈ కథ ద్వారా మీరేం గ్రహించారు" అన్న వాక్యం వినగానే పిల్లల మొహాలు ఎలా మారిపోతాయో తెలుగు చెప్పే ప్రతి ఒక్కరికీ తెలుసు, ఫార్మేటివ్ పరీక్షలో రాసే ముఖం ఒకటుంటుంది, అది పెట్టేస్తారు. మొదట్లో ప్రతి కథకీ ఎవరో ఒకరు "ఇది పరీక్షలో వస్తుందా మేడమ్" అని అడుగుతారు. రాదు అని చెప్తాను. ఆ మాటతో పెన్నులు కింద పెట్టి బుగ్గల కింద చేతులు పెట్టుకుంటారు. నీతి కోసం రాసిన కథల్ని నేను అసలు ముట్టుకోను. పద్నాలుగేళ్లకి నీతి వాసన వంద గజాల దూరం నుంచే పసిగడతారు, సగంలోనే ముగింపు చెప్పేస్తారు, చెప్పింది కరెక్టే అవుతుంది కూడా.

వాదించుకోవడానికి వీలున్న కథ అంటే నాకు మొదట తట్టేది చందమామ బేతాళ కథలు. 1947 జులైలో మొదలైన పత్రిక, మన తెనాలివాడైన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా ఆ పత్రిక పని చూశారు, ఆ వాక్యాల్లో ఒక్క మాట ఎక్కువుండదు. పైకి చదువుతుంటే ఆ పొదుపు నాలుకకి తెలుస్తుంది. బేతాళుడు కథంతా చెప్పి, ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది అంటాడు కదా, నేను సరిగ్గా అక్కడ ఆపేస్తాను. విక్రమార్కుడి జవాబు రేపు. ఒక రాత్రంతా గడువు ఇస్తే, మర్నాడు వచ్చేసరికి ఇంట్లో నాన్నని, పక్కింటి అన్నయ్యని అడిగి మూడు నాలుగు జవాబులు పట్టుకొస్తారు, కొన్నిసార్లు విక్రమార్కుడి జవాబు కంటే వాళ్లదే న్యాయంగా ఉంటుంది.

రోజుకి పది నిమిషాలే దొరికితే మాత్రం సీరియల్ చదవండి. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామకి రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' లాంటివి. నెలకో భాగంగా వచ్చినవి కాబట్టి ప్రతి భాగమూ ఎవరో లోయ అంచున వేలాడుతుండగానో, గుహలో ఏదో కదులుతుండగానో ఆగుతుంది, గీత ఎక్కడ పెట్టాలా అని మనం వెతుక్కోనక్కర్లేదు. భోజనాలయ్యాక వచ్చే పీరియడ్లో, ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతుంటే, సగం మందికి కళ్లు మూతలు పడే వేళ, అప్పుడు పనిచేసేవి ఇవే. మా లెక్కల మాష్టారు, "ఏమండీ తెలుగు మేడమ్ గారూ, మీ రాక్షసుల వల్ల నా పీరియడ్లో హాజరు పెరిగిందండీ" అన్నారు. ఆయన పీరియడ్ నా తర్వాతది.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది 'గాలివాన' గురించి. పాలగుమ్మి పద్మరాజు గారి కథ. జీవితమంతా తను పెట్టుకున్న సూత్రాల ప్రకారమే నడవాలనుకునే ఒక పెద్దమనిషి, రైలు పెట్టెలో బిచ్చమెత్తుకునే ఒక ఆడమనిషి, బయట తుఫాను. రాత్రి ఒక చిన్న స్టేషన్లో ఆ ఇద్దరూ మిగులుతారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో దీనికి రెండో బహుమతి వచ్చిందని నేను ముందు చెప్పను, గొప్ప కథ అనగానే పిల్లలు నిటారుగా కూర్చుని గౌరవంగా వింటారు, నాకు ఆ గౌరవం వద్దు. ఆలోచించింది వేరే విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మేడల మీద రోజులు గడిపిన పిల్లలు నా క్లాసులో ఉన్నారు. వాళ్ల ముందు గాలీ వానా కథ చదవొచ్చా? వానాకాలంలో వద్దనుకున్నాను. ఆకాశం తేటపడ్డాక, కార్తీకం దాటాక, ముందు రోజే "రేపు చదవబోయేది తుఫాను కథ, వినాలని లేనివాళ్లు లైబ్రరీ గదిలో కూర్చోవచ్చు" అని చెప్పి చదివాను. ఒక్కరూ వెళ్లలేదు.

రెండు రోజులు పట్టింది. మొదటి రోజు రైలు ఆ స్టేషన్లో ఆగేదాకా. కథ మధ్యలో పెద్దమనిషి మనసులో నడిచే ఆలోచనలు కొన్ని పొడుగు, అక్కడ గొంతు తగ్గించి కొంచెం వేగంగా చదివాను, ఏదీ కోయలేదు. అంతా అయ్యాక సింగ్‌నగర్ అమ్మాయి ఒకతె లేచింది. వాళ్ల అమ్మకీ కింద వాటా ఆవిడకీ నీళ్ల మోటారు గొడవతో రెండేళ్లుగా మాటల్లేవట, వరద వచ్చిన రాత్రి ఆవిడా పిల్లలూ పై వాటాకి వచ్చేశారట, డ్రోన్ తెచ్చి వేసిన పాల ప్యాకెట్లని ఇద్దరూ కలిసి కాచి అందరికీ గ్లాసుల్లో పోశారట. "ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?" అని ఎవరో అడిగారు. "మోటారు రిపేరు వచ్చినప్పుడు మళ్లీ పోట్లాడుకున్నారు. కానీ మాట్లాడుకునే పోట్లాడుకున్నారు" అంది. పద్మరాజు గారి కథకి ఇంత దగ్గరగా వచ్చిన వ్యాఖ్యానం నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు. వరద చూసిన పిల్లలు కాబట్టి వరద కథ చదవాలని కాదు నేననేది, ఆ కథలో పెద్దవాళ్లకి తగిన బరువు ఉంది, అది తమకి అప్పగించారని వాళ్లకి తెలిసింది, అందుకే ఆ పిల్ల అంత తూకంగా మాట్లాడింది.

ఇక కులం. దీని గురించి టీచర్లం బయటికి మాట్లాడుకోం, మాట్లాడుకోవాలి. పాత కథల్లో, కొన్ని చాలా మంచి కథల్లో కూడా, కులం పేరు పెట్టి తిట్టే మాటలుంటాయి. రచయిత ఆ తిట్టుకి ఎదురు నిలబడే రాసి ఉండొచ్చు. పుస్తకంలో చదివేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. క్లాసులో వినేటప్పుడు ఆ మాట వచ్చేది టీచరు నోట్లోంచి, వినేవాళ్లలో ఆ కులం పిల్లలుంటారు, వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు ఒక్క క్షణం వాళ్ల వైపు చూస్తారు. ఆ ఒక్క చూపు కోసం నేను చాలా కథలు పక్కన పెట్టాను, పెట్టినందుకు బాధ లేదు. అలాగని కులం ఊసెత్తని కథలే చదివితే అది అబద్ధం. అందుకు నాకు దొరికిన దారి జాషువా. వినుకొండలో పుట్టి గుంటూరులో బతికిన కవి, 'గబ్బిలం' 1941 నాటిది. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో కాశీలో శివుడికి తన బాధ చెప్పి పంపుతాడు. ఇక్కడ మాట్లాడేది అవమానపడినవాడే, నేరం ఎవరిదో అతనే చెప్తాడు, తల దించుకోవాల్సింది వినేవాళ్లలో వేరేవాళ్లు. పద్యాలు కదా, పిల్లలకి ఎక్కుతాయా అంటే, మొదట రాగం తీయకుండా మాట మాటా విరిచి మామూలుగా చదవాలి, అర్థం దిగాక రెండోసారి గొంతెత్తి చదవాలి. రెండోసారికి నాతోపాటు వాళ్లూ అందుకుంటారు, నాలుగు పద్యాల కంటే ఎక్కువ పెట్టుకోకూడదు.

యాస కథలు కూడా చదవండి. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు వైపు మాటలో ఉంటాయి, కావలిలో ఒక ముస్లిం ఇంటి పిల్లాడి చిన్నతనం. మన ఉమ్మడి కృష్ణా జిల్లా నాలుకకి ఆ పలుకు అలవాటు లేదు, నవ్వు కోసం అనుకరించకుండా, రాసింది రాసినట్టు, మన గొంతుతోనే చదివితే చాలు, యాస దానంతటదే వినిపిస్తుంది. మా క్లాసులో వన్‌టౌన్ నుంచి వచ్చే ముస్లిం పిల్లలు, తమ ఇళ్లలో అనే మాటలు తెలుగు పుస్తకంలో అచ్చయి ఉన్నాయని ఆ రోజు చూశారు. పుస్తకం అడిగి తీసుకెళ్లారు. అది తిరిగి రాలేదు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో ఇంకో కాపీ కోసం చూస్తున్నాను.

ఇన్నాళ్ల నా జాబితాలో ఒక లోటుందని చెప్పింది ఆడపిల్లలే. "అన్నీ మగవాళ్ల కథలే మేడమ్" అన్నారు. 'గాలివాన'లో ఆ బిచ్చగత్తె ఉంది కదే అన్నాను, "ఆవిడకి పేరు లేదు కదా" అన్నారు. అప్పట్నుంచి వెతుకుతున్నాను. ఇక్కడికి దగ్గర్లోనే, నందిగామ ప్రాంతంలో పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లోనే, అంటే 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ల ముందే, 'ధనత్రయోదశి' రాసింది. పండగ పూట డబ్బుకి కటకటలాడే ఇంట్లో భర్త తప్పుదారి పట్టకుండా నిలబెట్టిన భార్య కథ, ఆవిడకి విజయలక్ష్మి అని పేరు కూడా ఉంది. చిక్కల్లా భాష, పాత గ్రాంథికం వాసన, పైకి చదివి చూస్తే ప్రతి రెండు వాక్యాలకీ ఆగి అర్థం చెప్పాల్సి వస్తోంది. ఇంకోటి ఓల్గా 'సమాగమం', ఆవిడ గుంటూరులో పుట్టారు, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన 'విముక్త' సంపుటిలో ఉంది. అడవిలో సీత, శూర్పణఖ కలుసుకుని మాట్లాడుకునే కథ. ఇది నోటికి హాయిగా వస్తుంది, ఇద్దరు ఆడవాళ్ల మాటలు, ఏ మాట ఎవరిదో చెవికి చక్కగా తెలుస్తుంది. పదో తరగతిలో ఉపవాచకం రామాయణమే కాబట్టి అది సగం అయ్యాక చదివితే బాగుంటుందని దాన్ని పై ఏడాదికి ఉంచాను. ఈ దీపావళి సెలవలకి ముందు మాత్రం తొమ్మిదో తరగతికి అచ్చమాంబే. కథ నేను చదువుతాను, అర్థం కాని మాట దగ్గర ఎవరైనా చెయ్యెత్తి ఆపొచ్చు. ఎక్కువసార్లు ఆపేది ఆ అడిగిన ఆడపిల్లలే అవుతారని నా అంచనా.